పక్క బావి

మా తాతయ్యది మండపేట దగ్గర పల్లెటూరు. ఆ నేల కింద కిలోమీటర్ల లోతున ‘మండపేట శాండ్‌స్టోన్’ అనే ఇసుకరాయి ఉంది. అందులో గ్యాస్ ఉంది, కానీ రాయి బాగా బిగుతు. ఇలాంటివాటిని టైట్ గ్యాస్ అంటారు. గ్యాస్ పారే గుణం 0.1 మిల్లీడార్సీ కూడా ఉండదు. రాయిని చీలిస్తే తప్ప బయటికి రాదు. తప్పు పొరని చీలిస్తే కోట్లు బూడిదే.

ఆఫీసులో నా పని కూడా ఇలాంటి రాళ్లలో గ్యాస్ పొరల్ని కనిపెట్టే మోడల్ రాయడం. ఏడు బావుల లాగ్ డేటా ఇచ్చారు. 96% కరెక్ట్! ఎగిరి గంతేశా.

టీమ్‌లో జియాలజిస్ట్ అక్క ఒకటే అడిగింది: “టెస్ట్ డేటా ఎలా విడదీశావ్?”

“ర్యాండమ్‌గా.”

“లాగ్‌లో 15 సెంటీమీటర్లకో రీడింగ్. పైదీ కిందదీ దాదాపు ఒకటే. నీ మోడల్ పక్కవాడి పేపర్ చూసి రాసింది.”

ఒక బావిని పూర్తిగా దాచి మళ్లీ టెస్ట్ చేశా. 61%.

మామూలుగా గ్యాస్ ఉంటే రెసిస్టివిటీ పెరుగుతుంది, డెన్సిటీ తగ్గుతుంది. బిగుతు రాయిలో రంధ్రాలే తక్కువ కాబట్టి ఆ తేడా లీలగా ఉంటుంది. గ్యాస్ లేకున్నా రాయి గట్టిదనంతోనే రెసిస్టివిటీ పెరగొచ్చు. నా మోడల్ అక్కడే బోల్తా పడింది.

మర్నాడు క్లయింట్ మీటింగ్. 96 స్లైడ్ తీసేసి 61 పెట్టా. చెయ్యి వణికింది.

రాత్రి తాతయ్యకి ఫోన్ చేసి చెబితే నవ్వాడు. “పక్క బావిలో నీళ్లు తియ్యగా ఉన్నాయని మన బావి తవ్వకుండానే తియ్యనంటే ఎలారా?”