అంచు లరిగిన నట్టు

మా యింట నొక పాత అంబాసిడరు కారు కలదు. మా తండ్రిగారు దానిని కొన్ననాటినుండి తమ కడపటి దినములవఱకు తామే నీరు పోసి, నూనె చూచి, తుడిచి కాపాడిరి. వారి యనంతరము కారు మాకు సంక్రమించినది గాని వారి యోపిక సంక్రమింపలేదు. ఆ జాతి కారులు చేయు ఉత్తరపారా కర్మాగారము 2014లో వాని తయారీ మానినది. అంతకు మునుపే యవి వీథులలో నరుదైనవి. మా తాడేపల్లిగూడెములో దానిని చూచి నవ్వు కుఱ్ఱవాండ్రును గలరు, నిలిచి చేతితో తడవి పోవు వృద్ధులును గలరు. ఆ కారు మూలమున మే మొకప్పుడు చేసిన పని నిచ్చట వ్రాయుచున్నాము. అది మాకు గౌరవము కలిగించునది కాదు.

2012 వేసవిలో మా మేనకోడలి వివాహము కైకలూరిలో జరిగినది. అందు కొక నెల ముందుగా ఇంజను క్రింద, పొగగొట్టము అతుకుచోట, చెవులు పగులునట్లు మ్రోత రాసాగెను. ఆ యతుకును మూడు నట్లు పట్టి యుంచును. బిగించినచో సరిపోవునని తలంచి, క్రొత్తగా కొన్న పానాల పెట్టె తెఱచి, 13 మిల్లీమీటర్ల పానాను అన్నిటికంటె లోపలనున్న నట్టునకు దగిలించితిమి. అది కదలకుండుట చూచి పానా పిడిమీద సుత్తితో మోదితిమి. పానా జాఱెను. మఱల మోదితిమి, మఱల జాఱెను. పిమ్మట చేతులు కడుగుకొని పుస్తకము పట్టుకొని కూర్చుంటిమి.

ఆ పానా యేల జాఱెనో తరువాత గాని మాకు బోధపడలేదు. ఆ ఇంజను ఆంగ్లేయుల మారిస్ కారునుండి వచ్చినది. దాని కొలత లంగుళములు. మన దేశము 1956లో మెట్రిక్ కొలతల చట్టము చేసికొన్నను మా కారు నట్లు పాత కొలతనే పట్టుకొని యుండెను. అరయంగుళపు నట్టు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. 13 పానాలో నది 0.3 మిల్లీమీటర్లు వదులుగా నుండును. ఆ కొంచెపు టెడమువలన బలము పలకలమీద నానక మూలలమీద బడును, మూల లరుగును, నట్టు గుండ్రమగును. గుండ్రమైన దానిని ఏ పానా పట్టగలదు? కొలతల గొడవ మన కొక్కరికే కాదు. ఆంగ్లేయుడగు విట్‌వర్తు 1841లో బోల్టు మరకు 55 డిగ్రీల కోణము నిర్ణయింపగా, అమెరికావారు 60 డిగ్రీలు పట్టిరి. ఒకరి నట్టు మఱొకరి బోల్టున కెక్కక రెండు మహాయుద్ధములు గడచిన పిమ్మట, 1948లో గాని వారు కెనడాతో గలిసి యొక యొడంబడికకు రాలేదు.

మా నట్టునకు తుప్పు తోడయ్యెను. ఇనుము తుప్పైనప్పుడు మునుపటికంటె నెక్కువ చోటు గోరును. మర సందులలో నంత చోటు లేదు గనుక నట్టును స్టడ్డును ఒక్కటిగా బిగిసికొనును. కొల్లేటి యోరను, మంచునీరు కార్చుచు పోవు చేపల లారీల వెంట, తడి రోడ్లమీద యేండ్ల తరబడి తిరిగిన బండికి తుప్పు పట్టకుండునా?

పెండ్లినాటి యుదయమున మ్రోత మితిమీఱెను. ఊరిలోని యొక షెడ్డునకు దీసికొనిపోతిమి. మేస్త్రి బానెట్టు ఎత్తి, దీపము పట్టి చూచి, రెండు నట్లు క్షణములో నూడదీసెను. మూడవదానిని వ్రేలితో తడవి తల యాడించెను.

"ఆయ్, ఇది ఇప్పుడు రాదండి. దీని మూలలు ఎవరో తినేశారు. కిరసనాయిలు పోసి రాత్రంతా నాననివ్వాలండి."

ఆ "ఎవరో" మేమే యని చెప్పలేదు. రాత్రి ముహూర్తమనియు, ఒక గంటలో కావలెననియు, ఖర్చెంతైనను సరేననియు జెప్పితిమి. ఆయన కొంతసేపు మా మొగము చూచి, మూల గూర్చుండి సామాను కడుగుచున్న పిల్లవానిని పిలిచెను.

"ఒరేయ్, నీ చెయ్యి దూరుద్దేమో చూడరా."

పండ్రెండేండ్లు మించవు. ఇంజనునకును బండి గోడకును నడుమ పెద్దవాని ముంజేయి పట్టని సందులో వాని చేయి మోచేతివఱకు దూరెను. పట్టకారు బిగించి వాడు బలముకొలది త్రిప్పెను, పట్టకారు జాఱెను, చేయి పోయి రేకు అంచునకు గొట్టుకొనెను. కణుపుల మొదలు మణికట్టువఱకు తెగినది. వాడు కేక వేయలేదు. నూలుపీచుతో నెత్తురు తుడుచుకొని మఱల చేయి లోపల బెట్టబోయెను. అప్పుడు మేము గడియారము చూచుచుంటిమి. వలదన్నవాడు మేస్త్రియే.

కుట్లు వేయించుటకు వానిని మేస్త్రి తన మోటారు సైకిలుమీద దీసికొనిపోయెను. మే మొక నూఱు రూపాయల నోటు వాని చొక్కా జేబులో బెట్టి బస్సెక్కితిమి. పెండ్లిలో పలువురు మా కారేదని యడిగిరి. చెడినదని చెప్పితిమి.

మూడవనాడు పోవునప్పటికి నట్టు వచ్చియుండెను. ఎట్లు వచ్చినదని యడుగగా మేస్త్రి సంతోషముతో జెప్పెను. రాత్రి నానబెట్టి, ఉదయము గ్యాసుమంటతో నట్టును మాత్రము కాల్చెనట. కాల్చినచో నట్టు ఉబ్బి రంధ్రము ఇఱుకగునుగదా యని మేమంటిమి. ఆయన నవ్వి, బండి చక్రమునకు కమ్మరి యినుపకట్టు నెట్లు తొడుగునో చూడలేదా యని యడిగెను. కాలిన కట్టు లోపల నుండి కూడ సాగును. చల్లారినప్పుడు కొయ్యను పట్టును. తరువాత లెక్క వేసి చూచితిమి: పది మిల్లీమీటర్ల రంధ్రము 300 డిగ్రీల వేడికి సుమారు 0.036 మిల్లీమీటర్లు పెరుగును. వెండ్రుకవాసి కూడ గాదు. తుప్పు పెంకు పగులుట కది చాలును. కాల్చి, చల్లార్చి, మఱల కాల్చి, మొదట కొంచెము బిగించునట్లు త్రిప్పి, పిదప వదులు చేసి, యిటునటు కదలించెనట. అప్పటికిని రాకున్న, స్టడ్డు మర తగులకుండ ఉలితో నట్టును నిలువున జీల్చెను. స్టడ్డు విఱిగినచో దానిని తొలిచి తీయుట మహా ప్రయాస యగును గనుక నట్టునే బలి యిచ్చితినని యాయన చెప్పెను.

సందులోనికి చేయి యెట్లు పోయినదని యడిగితిమి. చేయి పోలేదట. బండిని జాకీతో నెత్తి, చక్రము తీసి, క్రిందనుండి రెండడుగుల రాడ్డును దాని కొనకు వంగెడి కీలును దగిలించి పని చేసెనట. అందుకు జాకీ పని మొదలుకొని గంటన్నర పట్టినది.

"మఱి యానా డట్లేల చేయలేదు?"

"మీరే కదండీ, గంటలో కావాలన్నారు."

ఆ చీలిన నట్టు నాయన మా చేతిలో బెట్టెను. "పదమూడు పానా పెట్టారండి ఎవరో," అనెను. ఈ మాఱు మేమే పెట్టితిమని చెప్పితిమి. ఆయనకు అది ముందే తెలిసినట్లుండెను.

పిల్లవాని తండ్రి చేపల చెరువులమీద కూలి. 2006లో కొల్లేటి యైదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినప్పుడు పని పోయి, కుటుంబముతో మా యూరు చేరెను. మోటారు మరమ్మతులలో పదునాలుగేండ్లు నిండని పిల్లలను పెట్టరాదని చట్టము గలదు; 2016లో నది మఱింత విస్తృతమైనది. ఆ చట్టమును మేము చదివియే యుంటిమి. సభలలో దానిగూర్చి ప్రసంగించియు నుంటిమి. షెడ్డులో నా పిల్లవాని నెన్నిమాఱులో చూచియుంటిమి, తేనీరు తెప్పించుకొనియు నుంటిమి. బడికి పంపుడని వాని తల్లితో జెప్పగా నామె, "పంపుతానండి, శనివారం కూలి మీరిస్తారా?" అనెను. ఇచ్చితిమి. పదవ తరగతివఱకు నిచ్చితిమి. మేస్త్రి కూడ సగము వేసికొనెను. ఈ సంగతి తన పేర నెక్కడను చెప్పవలదని కోరినందున పేరు వ్రాయలేదు.

పరీక్ష లైన పిమ్మట వాడు విజయవాడ ఆటోనగరునకు పనికి బోయెను. పోవుముందు మా యింటికి వచ్చి కారు చూపుమనెను. బానెట్టు ఎత్తి, ఆ సందులోనికి చేయి పోనిచ్చి చూచెను. మణికట్టువద్ద నాగిపోయినది.

"ఇప్పుడు పట్టదండి," అని నవ్వి, చేయి తుడుచుకొనెను.