వాసా నౌక ముందు ఒక మధ్యాహ్నం

స్టాక్‌హోమ్‌ను దర్శించి వచ్చినవారు సాధారణంగా నగరశోభను వర్ణిస్తారు. వర్ణించదగినదే. మేలారెన్ సరస్సు బాల్టిక్ సముద్రంలో కలిసేచోట, పద్నాలుగు ద్వీపాలపై వెలసిన రాజధాని అది. ఏ వీధి చివర నిలిచినా నీరే కనబడుతుంది. రిసాలిలో నివసిస్తూ, సాయంకాలం మరోదా జలాశయాన్ని చూసి తృప్తిపడే నాకు ఆ జలసమృద్ధి కన్నులపండువైంది. నోబెల్ విందు జరిగే నగర సభాభవనాన్ని, పాతపట్టణపు ఇరుకు సందులను చూశాను. (ఆ ఛాయాచిత్రాలు చూసి చూసి మా ఇంటివారు విసిగిపోయారు.) అయితే నన్ను కదలనీయక నిలిపినది యూర్‌గోర్డెన్ ద్వీపంలోని వాసా ప్రదర్శనశాల.

1990లో ప్రారంభమైన ఆ భవనం యావత్తూ ఒక్క నౌక కోసమే కట్టినది. 69 మీటర్ల పొడవు, 64 ఫిరంగులు గల ఆ కొయ్య యుద్ధనౌక 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణానికి బయలుదేరింది. సుమారు 1300 మీటర్లు సాగిందో లేదో, గాలివిసురుకు ఒక ప్రక్కకు ఒరిగింది. తెరిచి ఉన్న ఫిరంగి గవాక్షాలగుండా నీరు చొరబడి, రేవులోని జనం చూస్తూండగానే మునిగిపోయింది. సుమారు 30 మంది అసువులు బాశారు. బాల్టిక్ జలాలలో ఉప్పు స్వల్పం గనుక కొయ్యను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. అందువల్లనే 1961 ఏప్రిల్ 24న పైకి తీసినప్పుడు నౌక చాలవరకు చెక్కుచెదరక లభించింది.

కొయ్య నిలిచింది గాని ఇనుము నిలువలేదు. పాత బోల్టులు సముద్రగర్భంలోనే తుప్పుపట్టి నశించగా, అనంతరం ఐదు వేలకు పైగా కొత్తవి బిగించారు. అవీ తుప్పుపట్టి, కొయ్యలో ఆమ్లం పుట్టడానికి తోడ్పడుతున్నాయని గ్రహించి, 2011 నుండి కొన్నేళ్ళపాటు ఒక్కొక్కటే తీసి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అమర్చారు. 2022లో నౌకాదళంలో చేరిన విక్రాంత్ నిర్మాణంలో మన భిలాయి పలకలు ఉన్నాయి కదా! తుప్పు మాట రాగానే శిల్పాలను వదిలి బోల్టుల కోసం వెదికాను.

కాని మనసును కలచివేసినది వేరు. ప్రయాణానికి మునుపే, రేవులో 30 మంది నావికులను పైతట్టు మీద ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తించి నౌక నిలకడను పరీక్షించారట. మూడు పరుగులకే అది ప్రమాదకరంగా ఊగింది. ఎదుట ఉన్న ఉపనౌకాధిపతి పరీక్షను ఆపించాడు, ప్రయాణాన్ని ఆపించలేదు. యుద్ధంలో ఉన్న రాజు నౌక కోసం తొందరపెడుతున్నాడు. తరువాత విచారణ జరిగింది. ఎవరికీ శిక్ష పడలేదు.

యౌవనంలో, భిలాయి రాకమునుపు వేరొకచోట పనిచేస్తుండగా, ఒక రాత్రి క్రేను స్లింగులో పోగులు తెగి ఉండడం నేను చూశాను. పెద్దలు తొందరలో ఉన్నారు. నేను నోరు మెదపలేదు. బరువు క్షేమంగానే దిగింది. ఆ క్రింద ఇద్దరు మనుషులు నిలిచి ఉన్న సంగతి నేటివరకూ ఎవరికీ చెప్పలేదు.

మూసే వేళ అయిందని సిబ్బంది హెచ్చరించేవరకు అక్కడే ఉన్నాను. తిరుగు ప్రయాణానికి పడవ ఎక్కుతూ, అది ఏ ప్రక్కకైనా ఒరుగుతున్నదేమోనని వంగి చూశాను. నా శ్రీమతి నవ్వింది.