గీజరు కింద గ్లాసు

మా ఇంట్లో గీజరు 15 లీటర్లది. మాది అంటున్నా గానీ అది ఇంటి ఓనరుది. మేము ఎలక్ట్రానిక్ సిటీ పక్కన దొడ్డతోగూరులో మూడో అంతస్తులో అద్దెకు ఉంటాం. సొంతూరు హిందూపురం దగ్గర పల్లె. మా నాయన కంపెనీ ఉద్యోగుల్ని రాత్రి షిఫ్టుకు తీసుకెళ్ళే క్యాబు నడుపుతాడు. తెల్లవారి ఐదున్నరకు వచ్చి బకెట్టు ఉడుకునీళ్ళు పోసుకుంటే గానీ ఆయనకు నిద్ర పట్టదు. అవ్వకు మోకాళ్ళ నొప్పులు, ఆమెకు ఇంకో బకెట్టు. ఆ తర్వాతే నేనూ, చెల్లీ.

పోయిన డిసెంబరులో రెండో బకెట్టు చల్లగా రావడం మొదలైంది. గీజరు లోపల నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమనేది. నేను పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే నా దగ్గర ఒక లెక్క ఉంది. 15 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావాలంటే 15ని 4.2తో, 35తో గుణించాలి. 2205 కిలోజౌళ్ళు వస్తుంది. గీజరు 2000 వాట్లది కాబట్టి సుమారు 18 నిమిషాలు పట్టాలి. మాది తొమ్మిది నిమిషాలకే లైటు ఆరిపోతోంది. "మన గీజరు భలే ఫాస్టు, కరెంటు కూడా మిగులుతోంది" అని అమ్మతో చెప్పాను! నీళ్ళు ఎందుకు చల్లగా ఉన్నాయో మాత్రం ఆలోచించలేదు.

ఒకరోజు చెల్లి చెప్పింది, అవ్వ వారం రోజులుగా చన్నీళ్ళే పోసుకుంటోందని. నాయనకు ఉడుకునీళ్ళు తక్కువ పడతాయని ఎవరికీ చెప్పలేదట. అప్పటికే ఆమె మోకాళ్ళు వాచి గోడ పట్టుకుని నడుస్తోంది. అమ్మ ఆ రోజే మెకానిక్ అన్నను పిలిచింది.

ఆదివారం కాబట్టి నేను పక్కనే ఉండి టార్చి పట్టుకున్నాను. అన్న ముందు మెయిన్ బోర్డులో స్విచ్ దించి, టెస్టర్‌తో చూశాడు. నీళ్ళు చల్లారేదాకా అరగంట కూర్చున్నాం. తర్వాత లోపలికి వచ్చే నీళ్ళ వాల్వు కట్టేసి, ఉడుకునీళ్ళ కొళాయి తెరిచి, కింద పైపు విప్పాడు. బకెట్టులోకి వచ్చిన నీళ్ళు కుడితిలా ఉన్నాయి. అడుగున తెల్లటి పెంకులు. కాయిల్ బయటికి తీస్తే అది కాయిల్ లాగా లేదు, పుట్టమట్టి కప్పిన కొమ్మలా ఉంది.

"అంతా ఉప్పు నీళ్ళ మహిమ" అన్నాడు. మాకు కావేరి నీళ్ళు రావు, బోరు, అది ఎండితే ట్యాంకరు. క్లాసులో చదివిన కఠిన జలం ఇదే. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగిలితే కాల్షియం కార్బొనేట్‌గా మారి అడుగున చేరుతుంది. పరీక్షలో నేను రెండు మార్కులకు రాసింది మా గీజర్లో రెండు దోసిళ్ళు ఉంది. థర్మోస్టాట్ కాయిల్ పక్కనే గొట్టంలో ఉంటుంది. సున్నం రెండింటినీ కలిపి కప్పేసింది. వేడి అక్కడే నిలిచిపోతే, నీళ్ళన్నీ కాగాయనుకుని థర్మోస్టాట్ ముందే ఆపేస్తుంది. నా తొమ్మిది నిమిషాల రహస్యం అదీ.

అన్న కాయిల్‌ను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో పెట్టగానే బుసబుసా నురగ వచ్చింది. అవ్వ తలుపు దగ్గర నుంచి చూసి, "ఊర్లో అండాకు పట్టిన సున్నాన్ని నేను చింతపండుతో రుద్దేదాన్ని, దీనికింత హడావిడా!" అంది. పులుపు ఆమ్లమే కదా, రెండింటి పనీ ఒకటే. లోపల మెగ్నీషియం రాడ్డు ఉండాల్సిన చోట సన్నటి తీగ మాత్రం మిగిలింది. ఇనుము కంటే మెగ్నీషియానికి చర్యాశీలత ఎక్కువ కాబట్టి ట్యాంకుకు బదులు అదే తినిపోతుందట. అది అయిపోతే తర్వాత వంతు ట్యాంకుదే.

అంతా బాగానే జరుగుతోంది అనుకుంటుండగా అన్న చెయ్యి సేఫ్టీ వాల్వు దగ్గర ఆగింది. "ఇదన్ను యారు ముచ్చిద్దు?" (దీన్ని ఎవరు మూశారు?) అన్నాడు.

మూసింది నేనే. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్ళ కరువు వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. తాగునీటితో కార్లు కడిగితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి చెప్పిన రోజులు. మా వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టేవాళ్ళు. అప్పుడు గీజరు వాల్వు నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారడం చూసి, ఎం-సీల్ ముద్ద పెట్టి మూసేశాను. అందరూ మెచ్చుకున్నారు. నాయన నాకు దోసె కూడా కొనిపెట్టాడు.

అన్న అరవలేదు. కాగిన నీళ్ళు పెరుగుతాయి, ఈ వాల్వు వాటిని వెనక్కి ట్యాంకులోకి పోనివ్వదు, ఆ పెరిగినవే చుక్కలుగా బయటికి వస్తాయి అని చెప్పాడు. థర్మోస్టాట్ చెడిపోయి నీళ్ళు మరిగితే ఆవిరికి ఉన్న దారి కూడా ఇదేనట. అది మూసుకుపోతే ట్యాంకు పగలొచ్చు. మా గీజరు కింద ప్లాస్టిక్ స్టూలు ఉంటుంది. అవ్వ దాని మీదే కూర్చుని పోసుకుంటుంది. ఒక సంవత్సరం తొమ్మిది నెలలు. నేను టార్చి పట్టుకునే ఉన్నాను గానీ వెలుగు గోడ మీద పడుతోంది.

కొత్త వాల్వు, రాడ్డు, వాషరు, కూలి కలిపి 1400 అయింది. ఓనరుకు ఫోను చేస్తే మీరు వాడుకున్నారు కాబట్టి మీరే పెట్టుకోండి అన్నాడు. వాల్వు సంగతి తెలిశాక నాయన గట్టిగా అడగలేకపోయాడు. రాత్రి డ్యూటీకి పోతూ, "ఇంకేమైనా మూసినావా రా ఇంట్లో?" అని మాత్రం అన్నాడు. నవ్వుతూ అన్నాడో లేదో నాకు తెలియలేదు. అవ్వకు నేనే చెప్పాను. "నీళ్ళు పారబోయకూడదనే కదా చేసినావు" అని ఊరుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

నీళ్ళు నింపాక, ఉడుకునీళ్ళ కొళాయిలో గాలి పోయి ధార సరిగ్గా వచ్చేదాకా స్విచ్ వేయొద్దని అన్న చెప్పాడు. ఉత్త కాయిల్ కాలిపోతుందట. ఏడాదికోసారి ఇలా కడిగించాలనీ, కరెంటు పని కాబట్టి నువ్వు విప్పొద్దనీ నన్ను చూసి ప్రత్యేకంగా చెప్పాడు.

వాల్వు ఇప్పుడు మళ్ళీ కారుతోంది. దాని గొట్టం కింద ఒక స్టీలు గ్లాసు పెట్టాం, అది నిండితే తులసికి పోస్తాం. 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరగాలని భౌతికశాస్త్రం మేడం లెక్క చేయించారు. నేను మొన్న కొలిస్తే 170 వచ్చింది. మధ్యలో చెల్లి కొళాయి తిప్పింది. మళ్ళీ కొలవాలి.