కన్నుగా మిగిలిన నాన్న

మా నాన్నకి వీడియో కాల్ చేయడం వచ్చు. ఫోన్ ఎంత దూరంలో పట్టుకోవాలో మాత్రం ఇప్పటికీ తెలీదు. నా ముఖం సరిగ్గా కనబడాలని ఫోన్‌ని ముక్కుదాకా తెచ్చుకుంటాడు. దాంతో నాకు స్క్రీన్ నిండా కనబడేది ఒక్క కన్ను. తెనాలిలో ఉన్న ఆ కన్ను కొండాపూర్‌లో ఉన్న నన్ను చూసి, "తిన్నావా?" అని అడుగుతుంది.

ఒక రాత్రి ఆ కాల్ వచ్చేసరికి నా లాప్‌టాప్‌లో కూడా ఒక కన్నే ఉంది. గుడ్డులాంటి కనుగుడ్డు తలగా, దాని కింద బొటనవేలంత ఒళ్ళు ఉన్న ఒక జీవి టీ గిన్నెలో కూచుని వేడినీళ్ళ స్నానం చేస్తోంది. ఒక కన్ను లేని కుర్రాడు ఆ గిన్నెలో నీళ్ళు పోస్తున్నాడు. ఆ కనుగుడ్డు ఆ కుర్రాడి తండ్రి. నేను ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి చూసి గట్టిగా నవ్వేశాను. "ఏంట్రా?" అంది నాన్న కన్ను. "ఏం లేదు నాన్నా, కార్టూన్" అన్నాను.

ఆ కార్టూన్ పేరు 'గెగెగె నో కిటారో'. 'డాన్ డా డాన్' చూసి, ఈ దయ్యాల హాస్యం ఎక్కడినుంచి వచ్చిందా అని దాని తాతముత్తాతల్ని వెతుక్కుంటూ వెళ్ళినవాడిని ఇక్కడ తేలాను. జపాన్‌లో దీన్ని పరిచయం చేయాల్సిన అవసరం లేదు. 1968లో మొదటి టీవీ సిరీస్ వచ్చింది. తర్వాత 1971, 1985, 1996, 2007, 2018. అంటే వరసగా ఆరు దశాబ్దాలు, దశాబ్దానికో సిరీస్. అన్నీ తోయీ యానిమేషన్ వాళ్ళు తీసినవే. తాత చూసిన కిటారో వేరు, మనవడు చూసిన కిటారో వేరు. కనుగుడ్డు నాన్న మాత్రం ఒక్కడే. ఆయన పేరు మెదామా ఒయాజి. 'కనుగుడ్డు నాన్న' అనే దాని అర్థం కూడా.

కిటారో దయ్యాల వంశంలో ఆఖరివాడు. స్మశానంలో పుట్టాడు. అతను వేసుకునే చారల చొక్కా పూర్వీకుల వెంట్రుకలతో నేసింది. కాళ్ళకున్న చెక్క చెప్పులు విసిరితే శత్రువుని కొట్టి వెనక్కి వస్తాయి. మనుషులకి యోకాయ్‌లతో (మనం దయ్యం, భూతం, కొరివి, పిశాచం అని విడివిడిగా పిలిచేవన్నీ ఆ ఒక్క మాటలో పడతాయి) చిక్కొస్తే ఒక పాత తపాలా పెట్టెలో ఉత్తరం వేస్తారు. టకటకమని చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. తీరా చూస్తే చాలాసార్లు తప్పు దయ్యానిది కాదు. ఎవడో కాసుల కోసం గుడి రాయి పీకేసి ఉంటాడు, చెట్టు కొట్టేసి ఉంటాడు. మధ్యలో నెజుమి ఒతొకో అని ఒకడుంటాడు, ఎలుక మనిషి. సగం మనిషి, సగం యోకాయ్, పూర్తిగా కంపు. డబ్బు ఎటుంటే అటు. ప్రతి ఎపిసోడ్‌లో మిత్రద్రోహం చేసి, మర్నాడు వచ్చి ఏమీ ఎరగనట్టు పక్కన కూచుంటాడు. ఇలాంటివాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు కాబట్టి ఎక్కువ చెప్పను.

దీని సృష్టికర్త మిజుకి షిగెరు. 1922లో పుట్టాడు, సకాయిమినాతో అనే సముద్రపొడ్డు ఊళ్ళో పెరిగాడు. నొన్నొన్‌బా అని అందరూ పిలిచే ఒక ముసలావిడ చిన్నప్పుడు అతనికి దయ్యాల కథలు చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి లాగి, న్యూ బ్రిటన్ దీవిలోని రబౌల్‌కి పంపారు. అక్కడ మలేరియా. తర్వాత బాంబు దాడిలో ఎడమ చెయ్యి పోయింది. తోటివాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. ఇతను మిగిలిన ఒక్క చేత్తో బొమ్మలు గీస్తూ 2015 దాకా, తొంభై మూడేళ్ళు బతికాడు. కిటారోకి లేనిది ఎడమ కన్ను, మిజుకికి లేనిది ఎడమ చెయ్యి. దీని మీద సిద్ధాంతాలు కట్టక్కర్లేదు కానీ, ఒకసారి తెలిశాక మర్చిపోవడం కష్టం.

కిటారో మొదట మిజుకి పాత్ర కూడా కాదు. 1930ల్లో కమిషిబాయ్ అని వీధి కథలుండేవి. సైకిల్ మీద చెక్క చట్రం పెట్టుకుని, బొమ్మల అట్టలు ఒక్కొక్కటే మారుస్తూ కథ చెప్పి, పిల్లలకి మిఠాయిలు అమ్ముకునేవాళ్ళు. అందులో 'హకబా కిటారో', అంటే స్మశానం కిటారో, ఒక కథ. దాని వెనక ఇంకా పాత జానపద కథ ఉంది. ఒకావిడ రోజూ రాత్రి కొట్టుకొచ్చి మిఠాయి కొనుక్కెళ్తుంది. అనుమానం వచ్చి వెంట వెళ్తే, ఆవిడ సమాధి దగ్గర మాయమవుతుంది. తవ్వి చూస్తే చనిపోయిన తల్లి పక్కన బతికున్న బిడ్డ. ఆ రాత్రుల మిఠాయిలన్నీ వాడికోసమే. 1950ల్లో కమిషిబాయ్‌కి బొమ్మలు గీస్తున్న మిజుకి ఆ కిటారోని తీసుకుని, 1960లో అద్దె పుస్తకాల షాపుల కోసం కామిక్‌గా గీశాడు. తల్లి మిఠాయి కథ పోయి తండ్రి కన్ను కథ వచ్చింది.

ఆ మొదటి కథ చెప్పాలి, ఎందుకంటే తర్వాత మార్పులన్నీ దానిమీదే. మిజుకి అనే పేరుతోనే ఒక ఉద్యోగి, రక్తనిధిలో పనిచేసేవాడు, తన ఇంటి వెనక పాడుబడ్డ గుడిలో ఒక దయ్యాల జంటని చూస్తాడు. ఇద్దరూ జబ్బుతో ఉన్నారు, ఆవిడ గర్భిణి. కొన్నాళ్ళకి ఇద్దరూ పోతారు. అతను ఆవిడని పూడ్చిపెడతాడు. ఒక రాత్రి మట్టిలోంచి బిడ్డ పాకుతూ బయటికొస్తుంది. అతను భయంతో ఆ బిడ్డని విసిరికొడతాడు. సమాధి రాయికి తగిలి ఎడమ కన్ను పోతుంది. అటు గుడిలో కుళ్ళిపోతున్న తండ్రి శవంలోంచి ఒక కన్ను జారి, దానికి చేతులూ కాళ్ళూ మొలిచి, బిడ్డని చూసుకోడానికి బయల్దేరుతుంది.

చదివి కాసేపు ఊరికే కూచున్నాను. వొట్టి ప్లాట్‌గా చెప్తే ఇది అసహ్యం పుట్టించే హారర్. కానీ ఇంతకంటే పచ్చిగా తండ్రి ప్రేమని చెప్పిన కథ నేను చదవలేదు. ఒళ్ళంతా పోయాక ఏ ఒక్క అవయవం మిగుల్చుకోవాలో ఎంచుకోవాల్సి వస్తే, ఆయన కొడుకుని చూడ్డానికి పనికొచ్చేదే మిగుల్చుకున్నాడు.

టీవీకి వచ్చేసరికి 'స్మశానం' అన్న పేరు పిల్లల కార్యక్రమానికి బాగోదన్నారు. 1967లో పేరు 'గెగెగె'గా మారింది. చిన్నప్పుడు మిజుకి తన పేరు పలకలేక 'గెగెరు' అనేవాడట, అందులోంచి వచ్చింది. అద్దె పుస్తకాల్లో కిటారో సిగరెట్ కాల్చే జిత్తులమారి పిల్లాడు, మనుషులు నాశనమైతే నాకేంటి అనే రకం. టీవీ అతన్ని మనుషుల రక్షకుణ్ణి చేసింది. 1985లో అతనికి యుమెకో అనే మనుషుల పిల్ల స్నేహితురాలు వచ్చింది. 2007, 2008లో నటులతో తీసిన రెండు సినిమాలొచ్చాయి. వాటిలో కంప్యూటర్ గ్రాఫిక్స్ కనుగుడ్డు ఒక్కటే నిజమైన నటుడిలా ఉంది, మిగతా అందరూ వేషాలు వేసుకున్నట్టున్నారు. 2008లోనే పదకొండు ఎపిసోడ్‌ల 'హకబా కిటారో' వచ్చి పాత జిత్తులమారిని మళ్ళీ బయటికి తీసింది. నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది అదే. 2018 సిరీస్‌లో ఫోన్‌తో వీడియోలు తీసుకునేవాడొకడు షిబుయా కూడలిలో చెట్టయిపోతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు తీసి షూట్ చేస్తారు. అదే సిరీస్‌లో ఒక ఎపిసోడ్ మనా అనే స్కూలు పిల్లని దక్షిణ దీవికి తీసుకెళ్ళి, జపాన్ చేసిన యుద్ధం ఆనవాళ్ళు చూపిస్తుంది. మిజుకి వదిలేసి వచ్చిన దీవుల్ని ఆ పిల్ల వెళ్ళి చూసినట్టు అనిపించింది.

నేను పదేళ్ళుగా వేరేవాళ్ళు రాసిన పాత కోడ్ మీద పనిచేస్తున్నాను. అందులో ఒక ఫంక్షన్ ఉంటుంది. అందరూ చుట్టూ ఉన్నదంతా మారుస్తారు, దాన్ని మాత్రం ముట్టుకోరు, తీసేస్తే మొత్తం కూలుతుందని. కిటారోలో ఆ ఫంక్షన్ కనుగుడ్డు నాన్న. 1968 నుంచి 2010లో చనిపోయేదాకా ఆయనకి గొంతునిచ్చింది ఒకే నటుడు, ఇసాము తనొనాకా. మొదటి సిరీస్‌లో కిటారోకి గొంతునిచ్చింది మసాకో నొజావా. అవును, మన గోకూ గొంతు ఆవిడదే. 2018 సిరీస్‌లో కనుగుడ్డు నాన్నకి గొంతు ఎవరిస్తారంటే, మళ్ళీ నొజావాయే. కొడుకుగా మాట్లాడిన మనిషి యాభై ఏళ్ళకి తండ్రిగా మాట్లాడింది. ఇది ఏ రచయితా ప్లాన్ చేసి రాసింది కాదు. కాలం రాసింది.

ఇక 2023 సినిమా, 'కిటారో పుట్టుక'. (ముగింపు చెప్పేస్తున్నాను, చూడాలనుకునేవాళ్ళు ఈ రెండు పేరాలు దాటేయండి.) ఇది మొదటి కథకి ముందు జరిగింది. 1956. రక్తనిధి ఉద్యోగి మిజుకి ఇక్కడ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు, ఎలాగైనా పైకెదగాలన్న కసి మీద ఉన్నవాడు. ఒక పెద్ద కుటుంబం రహస్యం పట్టుకుంటే ప్రమోషన్ వస్తుందని నగురా అనే పల్లెకి వెళ్తాడు. ఆ రహస్యం ఒక మందు, మనిషిని అలుపు లేకుండా పనిచేయించే మందు. అది ఎక్కడినుంచి వస్తోందన్నదే సినిమా. అక్కడే తప్పిపోయిన భార్యని వెతుక్కుంటూ వచ్చిన ఒక తెల్లజుట్టు మనిషి కలుస్తాడు. పొడుగ్గా, సన్నగా, నిండు ఒంటితో ఉన్న కనుగుడ్డు నాన్న! ఆరు దశాబ్దాలు కన్నుగా మాత్రమే చూసినాయన్ని అలా చూస్తే, పెళ్ళికాకముందు నాన్న ఫోటో చూసినట్టుంటుంది. ఈయనకి ఇంత జుట్టుండేదా, అని.

ఇద్దరూ స్నేహితులవుతారు. చివర్లో అతను తన ఒంటిని బలిపెడతాడు. మిజుకి బతుకుతాడు కానీ జరిగిందంతా మర్చిపోతాడు. ఆ తర్వాత పాడుబడ్డ గుడి, పూడ్చిపెట్టడం, మట్టిలోంచి బిడ్డ. మనకి తెలిసిన కథే. మిజుకి బిడ్డని విసరడానికి పైకెత్తుతాడు. విసరడు. ఎందుకో తనకే తెలీకుండా గుండెకి హత్తుకుంటాడు. అరవై ఏళ్ళకి పైగా ఆ బిడ్డ రాయికి తగులుతూనే ఉన్నాడు. ఇన్నాళ్ళకి ఎవరో ఆ చేతుల్ని ఆపారు. మూలకథకి ద్రోహం అనొచ్చు. నేనైతే, అనుసరణ అనేది ఎందుకుండాలి అన్నదానికి ఇదే జవాబంటాను.

నాకు ఆ సీన్ అంత గుచ్చుకోడానికి వేరే కారణం ఉంది.

అమ్మ పోయాక నాన్న ఒక్కడే ఉంటున్నాడు. ఆ మధ్య ఆయనకి శుక్లాల ఆపరేషన్. నేను వస్తానన్నాను. ఆ వారం రిలీజ్ పడింది, వెళ్ళలేదు. మా అత్తయ్య కొడుకు తీసుకెళ్ళి, ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు. ఆ రాత్రి నేను ఇరవైమంది ఉన్న కాల్‌లో ఉండగా నాన్న వీడియో కాల్ వచ్చింది. స్క్రీన్ నిండా పట్టీ వేసిన కన్ను. "నాన్నా, మీటింగ్‌లో ఉన్నా, ప్రతిసారీ ఇప్పుడేనా?" అని కట్ చేశాను. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్ చేశాను. రిలీజ్ హడావిడిలో మూడో రోజుకి గానీ గుర్తురాలేదు. అప్పుడు తెలిసింది, చుక్కల మందు చీటీలో అక్షరాలు కనబడక, ఏది ఎన్నిసార్లు వేసుకోవాలో నాచేత చదివించుకుందామని చేశాడని. "ఆఁ, ఏముందిలే, పొద్దున మందుల షాపు కుర్రాడు చెప్పాడు" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. కన్ను బాగానే నయమైంది. అది వేరే సంగతి.

సినిమాలో ఆ చేతులు గాల్లో ఆగినప్పుడు నాకు గుర్తొచ్చింది నా బొటనవేలు, ఎర్ర బటన్ మీద.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నకి లాప్‌టాప్‌లో ఒక ఎపిసోడ్ చూపించాను. జపనీస్ రాదు, ఇంగ్లీష్ సబ్‌టైటిళ్ళు ఆయన వేగానికి ఆగవు. నేనే పక్కన కూచుని చెప్పాను. దయ్యాలూ, చెప్పుల యుద్ధం, ఏదీ పెద్దగా పట్టలేదు ఆయనకి. ఎలుక మనిషిని చూసి మాత్రం తన ఆఫీసులో ఒకాయన పేరు చెప్పి నవ్వాడు. టీ గిన్నె స్నానం దగ్గర ఆపమన్నాడు.

"నీళ్ళు చల్లారిపోవూ?"

"చల్లారితే కొడుకు మళ్ళీ వేడినీళ్ళు పోస్తాడు నాన్నా."

"ఊఁ" అన్నాడు. కాసేపాగి, "పనేం లేనట్టుంది ఆ పిల్లాడికి" అన్నాడు.

ఎత్తిపొడిచాడో, మామూలుగానే అన్నాడో నాకు తెలీదు. నాన్న ముఖం ఎప్పుడూ ఏమీ చెప్పదు. తిరిగొచ్చేటప్పుడు ఫోన్ నిలబెట్టే స్టాండ్ ఒకటి కొని, బల్ల మీద పెట్టి, "దీనికి పెట్టి మాట్లాడు, ముఖమంతా కనబడుతుంది" అని చూపించి వచ్చాను. వారం రోజులు వాడినట్టున్నాడు. తర్వాత మళ్ళీ చేతిలోకే తీసుకున్నాడు, స్టాండ్‌లో పెడితే నేను దూరంగా కనబడుతున్నానట.

ఇప్పుడు మళ్ళీ కన్నే కనబడుతోంది. ఈమధ్య కాల్ వస్తే, మీటింగ్‌లో ఉన్నా సరే, మ్యూట్‌లో పెట్టి లేచి బయటికి వెళ్తున్నాను.