యుద్ధానికి మారుపేర్లు

డిగ్రీ తరగతిలో శబ్దశక్తులు బోధించేటప్పుడు ఉదాహరణలు ప్రబంధాల నుంచి తేవటం మన తెలుగు అధ్యాపకుల ఆనవాయితీ. నేనూ అలాగే మొదలుపెడతాను. లక్షణ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రబంధకవుల కంటె అమెరికా అధ్యక్షులే నాకు ఎక్కువ అక్కరకు వస్తారు. గంగలో గొల్లపల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని గ్రహించాలని మన శాస్త్రం చెబుతుంది. "పోలీసు చర్య" అంటే 36 వేలకు పైగా అమెరికన్ సైనికుల చావు, లక్షల కొద్దీ కొరియా ప్రజల చావు అని గ్రహించటానికి ఏ అలంకారశాస్త్రం చదవాలి?

అమెరికా రాజ్యాంగం ప్రకారం యుద్ధం ప్రకటించే అధికారం అక్కడి కాంగ్రెసుది, అధ్యక్షుడిది కాదు. ఆ అధికారాన్ని కాంగ్రెసు చివరిసారి వాడింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. ఆ తర్వాత కొరియా, వియత్నాం, అఫ్గానిస్తాన్, ఇరాక్‌లలో అమెరికా సైన్యం ఏళ్ళ తరబడి పోరాడింది. ఒక్కదానికీ యుద్ధప్రకటన లేదు. 1950 జూన్ 29న పత్రికాగోష్ఠిలో ట్రూమన్, తాము యుద్ధంలో లేమన్నాడు. అయితే ఇది ఐక్యరాజ్యసమితి తరపున జరిగే పోలీసు చర్యా అని ఒక విలేకరి అడిగితే, సరిగ్గా అంతేనన్నాడు. మాట విలేకరిది, ముద్ర అధ్యక్షుడిది.

ఈ మాట వింటే తెలంగాణవాడికి చెవులు నిక్కబొడుచుకోవాలి. మా నాయనమ్మకు తారీఖులు తెలియవు. ఊళ్ళో పుట్టుకలూ చావులూ "పోలీసు యాక్షన్ అయిన యేడు" నుంచి ముందుకూ వెనక్కూ లెక్కపెట్టేది. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానంలోకి నడిచి వచ్చింది సైన్యం, ట్యాంకులు. పేరు మాత్రం పోలీసులది. అంతకు ముందటి ఏడు ఇండొనీషియాలో డచ్చివాళ్ళు తమ దండయాత్రకు పెట్టుకున్న పేరూ అదే. వీటన్నిటినీ ఒకే గాటన కట్టమని నేననను. నిజాం కూలినందుకు, రజాకార్ల పీడ విరగడైనందుకు జనం సంతోషించారు. అది నిజమైన సంతోషం. కాని ఆ సైన్యమే ఆగి, దొరల భూములు పంచుకున్న రైతుల మీదికి తిరిగింది. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించేదాకా సాగిన ఆ భాగం "పోలీసు చర్య" అనే మాటలో ఎక్కడా వినిపించదు. ఎదుటివాణ్ణి ప్రత్యర్థిగా కాక నేరస్థుడిగా చూపటమే ఆ పేరు చేసే పని.

మనవాళ్ళలో రెండు రకాల విమర్శ చూస్తున్నాను. ఒకటి, కెన్నెడీ బతికి ఉంటే వియత్నాం జరిగేది కాదనే పురాణం. 1963 చివరికి వియత్నాంలో దాదాపు 16 వేలమంది అమెరికన్ "సలహాదారులు" ఉన్నారనేది ఈ పౌరాణికులకు గుర్తుండదు. ఇన్ని వేలమంది చెబితే గాని వినని ప్రభుత్వానికి సలహా ఎందుకో! రెండవది, అధ్యక్షులందరూ సామ్రాజ్యవాదులే, తేడా వెతకటం దండగ అని పుస్తకం మూసెయ్యటం. ఇది విప్లవాత్మకంగా కనిపిస్తుంది గాని నిజానికి బద్ధకం. జాన్సన్ 1964 జులై 2న పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టాడు. ఆగస్టు 10న టాంకిన్ సింధుశాఖ తీర్మానం మీద పెట్టాడు. రెండు సంతకాల మధ్య ఆరు వారాలు కూడా లేవు. మొదటిది నల్లజాతి ప్రజలు జైళ్ళు నింపి, దెబ్బలు తిని రాబట్టుకున్నది. అధ్యక్షులంతా ఒకటేనంటే ఆ ప్రజల గెలుపును కూడా అధ్యక్షుడి ఖాతాలో వేసి కొట్టెయ్యటమే అవుతుంది.

రెండవదాని కథ వేరు. ఆగస్టు 2న ఉత్తర వియత్నాం పడవలకూ అమెరికా నౌకకూ ఘర్షణ జరిగిన మాట వాస్తవం. తీర్మానానికి అసలు ఊపు ఇచ్చింది 4వ తేదీ రాత్రి జరిగిందన్న రెండో దాడి. అది జరగనే లేదని అమెరికా గూఢచార సంస్థ సొంత చరిత్రకారుడే తేల్చాడు. ఆ పరిశోధన 2005లో బయటికి వచ్చింది. ఆ లేని దాడి మీద ప్రతినిధుల సభలో 416 ఓట్లు, వ్యతిరేకంగా సున్న. సెనేట్‌లో 88కి ఇద్దరు: ఆరెగాన్‌నుంచి వేన్ మోర్స్, అలాస్కానుంచి అర్నెస్ట్ గ్రూనింగ్. 1968 ఎన్నికలలో ఆ ఇద్దరూ పదవులు పోగొట్టుకున్నారు. యుద్ధంలో అమెరికన్లే 58 వేలకు పైగా చచ్చారు. వియత్నామీయుల లెక్క లక్షలలో.

కాంగ్రెసుకు ఆలస్యంగానైనా బుద్ధి వచ్చింది. 1973 నవంబరు 7న నిక్సన్ నిరాకరణను తోసిపుచ్చి యుద్ధాధికారాల చట్టం చేసింది. సైన్యాన్ని పోరుకు దించితే 48 గంటల్లో చెప్పాలి. అనుమతి దొరకకపోతే 60 రోజుల్లో ఆపాలి. చట్టం రాసినవాళ్ళకు పేర్ల మాయ తెలుసు. అందుకే "యుద్ధం" అని ఊరుకోక, అంతకంటె విశాలమైన "శత్రుచర్యలు" అనే మాట ఎంచుకున్నారు. ఆ మాటకు తప్పించుకునే సందు ఉండదనుకున్నారు.

2011 మార్చిలో లిబియా మీద బాంబులు మొదలైనాయి. 60 రోజులు దాటినాయి. ఒకప్పుడు రాజ్యాంగ శాస్త్రం బోధించిన ఒబామా ప్రభుత్వం జూన్‌లో కాంగ్రెసుకు వ్యాఖ్యానం పంపింది: నేలమీద మన సైనికులు లేరు, ఎదురు కాల్పులు లేవు, కనుక ఇవి చట్టం చెప్పే శత్రుచర్యలు కావు. మల్లినాథుడు కూడా ముక్కున వేలేసుకోవలసిన వ్యాఖ్య! జూన్ 24న ప్రతినిధుల సభ ఈ దాడులకు అనుమతి నిరాకరించింది, 295కు 123. అదే రోజు, ఆ దాడులకు డబ్బు తగ్గించే బిల్లును కూడా ఓడించింది, 238కి 180. నాటో విమానాలు అక్టోబరు నెలాఖరుదాకా ఎగిరినాయి.