క్రూగర్ సఫారీకి కెనడా నుంచి బయల్దేరే ముందు

సఫారీ అనగానే మనలో చాలామంది ముందు బట్టలు కొంటారు. ఖాకీ ప్యాంట్లు, పెద్ద అంచుల టోపీలు, పిల్లలకు పులిబొమ్మ టీ షర్టులు. (ఆఫ్రికా అడవుల్లో పులులుండవు. ఆ సంగతి పిల్లలే మనకు చెబుతారు.) నన్నడిగితే బట్టలు చివరి వారం చూసుకున్నా సరిపోతుంది. ఆర్నెల్ల ముందే చూసుకోవాల్సినవి మాత్రలు, కాగితాలు.

పోయిన జూలైలో మేం ఐదుగురం బ్రాంప్టన్ నుంచి దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకు వెళ్లొచ్చాం. మేమిద్దరం, ఏడేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు, హైదరాబాద్ నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్యగారు. అప్పటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

ముందు ఒక మంచి మాట. మన పిల్లల వేసవి సెలవులు, అక్కడ జంతువులు బాగా కనిపించే కాలం ఒక్కటే. జూలై, ఆగస్టు దక్షిణాఫ్రికాలో చలికాలం, వానలుండవు. గడ్డి ఎండిపోతుంది, ఆకులు రాలతాయి, చిన్న చిన్న కుంటలు ఇంకిపోతాయి. మిగిలిన నీటి మడుగుల దగ్గరికి జంతువులే నడిచి వస్తాయి. వెతుక్కుంటూ తిరిగే శ్రమ సగం తగ్గుతుంది. క్రూగర్ సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లు, మన ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లాంటివి మూడు పట్టేంత. ఎండాకాలంలో పచ్చగా దట్టంగా ఉన్నప్పుడు ఏనుగు పది అడుగుల దూరంలో ఉన్నా కనబడదంటారు. అయితే జూలై అక్కడా సెలవుల కాలమే. పార్కు లోపలి బస గదులు నెలల ముందే నిండిపోతాయి. ఏడాది ముందు అనుకుంటేనే కావలసిన చోట దొరుకుతాయి.

ఇక మలేరియా సంగతి. ఒక స్నేహితురాలు ఫోన్‌లో, "అక్కా, మనం దోమల మధ్యే పుట్టి పెరిగాం, మనకేమవుతుంది?" అంది. ఈ మాట ఇంకా నలుగురైదుగురు అన్నారు. నేను చదివింది మైక్రోబయాలజీ, ఇప్పుడు చేసేది ఇంటి పని. అయినా ఇక్కడ మాత్రం పాత చదువు ఊరుకోనివ్వలేదు.

మలేరియా మీద ఒంట్లో ఏర్పడే కొద్దిపాటి రక్షణ, మళ్లీ మళ్లీ ఆ క్రిమి సోకుతూ ఉంటేనే నిలుస్తుంది. ఊరు వదిలి చలిదేశంలో నాలుగేళ్లు ఉంటే అది కరిగిపోతుంది. కెనడాలో పుట్టిన పిల్లలకైతే అది మొదటి నుంచీ లేదు. పైగా మలేరియాలన్నీ ఒకటి కావు. మన పట్టణాల్లో చిన్నప్పుడు ఎక్కువగా విన్నది వైవాక్స్ రకం. చలి, వణుకు, జ్వరం, నాలుగు రోజులు మంచాన పడేస్తుంది. దక్షిణాఫ్రికాలో ఉన్నది దాదాపుగా ఫాల్సిపారం. మన విశాఖ మన్యం వాళ్లకు ఇది బాగా తెలుసు. మెదడుకు, మూత్రపిండాలకు పాకి, మందు ఆలస్యమైతే రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు ట్రావెల్ క్లినిక్‌కు వెళ్లమని కెనడా ప్రభుత్వం చెబుతుంది. క్రూగర్‌లో చలికాలంలో దోమలు బాగా తక్కువే, కానీ పూర్తిగా లేవని కాదు. మాత్రలు అవసరమా, ఏవి వేసుకోవాలి అన్నది మీ తేదీలు, ఆరోగ్యం చూసి డాక్టరే చెప్పాలి. మాకు అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రాశారు. వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఉన్నన్నాళ్లూ రోజుకొకటి వేసుకుని, ఆ ప్రాంతం వదిలాక ఇంకో 7 రోజులు వేసుకోవాలి. ఆ చివరి ఏడు రోజులే చాలామంది ఎగ్గొడతారు. దోమ కుట్టగానే క్రిమి నేరుగా రక్తంలో స్థిరపడదు. ముందు కాలేయంలో చేరి, వారమో అంతకు పైనో అక్కడ పెరిగి, తర్వాత రక్తంలోకి వస్తుంది. చివరి రోజు కుట్టిన దోమ తెచ్చిపెట్టిన క్రిమి మనం ఇంటికొచ్చి లగేజీ విప్పుకుంటున్నప్పుడు కాలేయంలో ఉంటుంది. ఈ మందు దాన్ని కాలేయంలోనే దెబ్బతీస్తుంది కాబట్టి 7 రోజులు చాలు. చవకగా వచ్చే డాక్సీసైక్లిన్ ప్రధానంగా రక్తంలోకి వచ్చాకే పని చేస్తుంది, అందుకే అది 4 వారాలు వాడాలి. అది ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు.

అటోవాక్వోన్ కొవ్వు ఉన్న ఆహారంతో పాటు వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది, అందుకని అపాయింట్‌మెంట్‌కు వాళ్లనూ తీసుకెళ్లండి. మావాడు మాత్ర మింగడు. ఫార్మసిస్టును అడిగితే నలిపి కండెన్స్‌డ్ మిల్క్‌లో కలిపి ఇవ్వమన్నారు. ఇంట్లో ఉండగానే మొదటి రెండు రోజులు ఇచ్చి చూసుకోవడం వల్ల అక్కడ ఏడుపులు తప్పాయి.

మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. ఆ వేళల్లో నిండు చేతుల చొక్కాలు, ప్యాంట్లు, మేజోళ్లు. ఒంటికి రాసుకోవడానికి 20 శాతం ఐకారిడిన్ ఉన్నది ఆర్నెల్లు దాటిన పిల్లలకు కూడా వాడొచ్చు. ఓడోమాస్ మీద నాకూ చిన్ననాటి అభిమానం ఉంది గాని, ఈ ప్రయాణానికి అది వద్దు.

గర్భంతో ఉన్నవాళ్లు, లేదా ఆ ఆలోచనలో ఉన్నవాళ్లు మలేరియా ప్రాంతానికి వెళ్లకుండా ఉంటేనే మంచిది. పసిపిల్లల తల్లులూ అంతే. సఫారీయే మానుకోనక్కర్లేదు. జొహానెస్‌బర్గ్ నుంచి రెండు మూడు గంటల దూరంలో పిలానెస్‌బర్గ్ ఉంది, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతపు వలయంలో. బోట్స్వానా సరిహద్దున మడిక్వే ఉంది. తూర్పు కేప్‌లో 1931లో ఏనుగుల కోసమే పెట్టిన ఆడో పార్కు ఉంది. ఈ మూడుచోట్లా మలేరియా లేదు. సింహం, ఏనుగు, ఖడ్గమృగం అన్నీ ఉన్నాయి. బాబు ఇంకా చిన్నవాడై ఉంటే మేమూ పిలానెస్‌బర్గ్‌కే వెళ్లేవాళ్లం.

కాగితాల దగ్గర మన ఇళ్లలో ఒక చిక్కు. ఒకే ఇంట్లో రెండు మూడు రకాల పాస్‌పోర్టులు. కెనడా పాస్‌పోర్టు ఉంటే దక్షిణాఫ్రికాలో 90 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఇండియా పాస్‌పోర్టుతో ఇక్కడ పీఆర్ మీద ఉన్నవాళ్లకు వీసా కావాలి. పీఆర్ కార్డు తిరిగొచ్చే రోజుకు చెల్లుబాటులో ఉండాలి, లేకపోతే వెనక్కి విమానం ఎక్కనివ్వరు. అత్తయ్యగారు ఇండియాలో ఉండగానే దక్షిణాఫ్రికా వీసా తీసుకుని ఇక్కడికి బయల్దేరారు. పిల్లల జన్మ ధ్రువపత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు ఉండాలి. ఒంటారియోలో ఇచ్చే చిన్న సైజు పత్రంలో ఆ పేర్లుండవు, పేర్లున్నది విడిగా తెప్పించుకోండి. పిల్లలతో అమ్మ ఒక్కతే వెళుతుంటే నాన్న సంతకం చేసిన సమ్మతి పత్రం దగ్గర పెట్టుకోవాలి.

టికెట్టు కొనేటప్పుడు ధర కన్నా ముందు విమానం ఎక్కడ ఆగుతుందో చూడండి. అమెరికా మీదుగా అయితే ఇండియా పాస్‌పోర్టుకు విమానాశ్రయం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. ఇథియోపియా, కెన్యాల మీదుగా అయితే ఎల్లో ఫీవర్ లెక్కలోకి వస్తుంది. ఆ దేశాల నుంచి వచ్చినా, అక్కడి విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగినా దక్షిణాఫ్రికా టీకా సర్టిఫికెట్ అడుగుతుంది. ఈ టీకా కెనడాలో అన్ని క్లినిక్కుల్లో వేయరు, గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, 60 దాటినవాళ్లకు ఇవ్వాలంటే డాక్టర్లు ఆలోచిస్తారు. అత్తయ్యగారికి 64. అందుకే మేం కొంచెం ఎక్కువ పెట్టి దుబాయ్ మీదుగా వెళ్లాం. సఫారీ అయ్యాక అటునుంచి అటే ఇండియా వెళ్లాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా దిగితే ఇండియాలో 6 రోజుల వరకు విడిగా ఉంచే నియమం ఉంది.

ఇన్సూరెన్సు గురించి ఒక్కమాట. విదేశంలో ఆసుపత్రిలో చేరితే ఒంటారియో ఓహిప్ రోజుకు గరిష్ఠంగా 400 డాలర్లే ఇస్తుంది. అడవి నుంచి పెద్ద ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు కూడా ఉన్న పాలసీ తీసుకోండి. పెద్దవాళ్లకైతే బీపీ, షుగర్ ముందే రాయించి తీసుకోవాలి.

పార్కులో మేం అద్దె కారులోనే తిరిగాం. చాలా ప్రైవేటు లాడ్జీల్లో ఆరేళ్ల లోపు పిల్లల్ని సఫారీ బండి ఎక్కనివ్వరు. ఎత్తుగా ఉండే ఆ ఓపెన్ బండ్లు ఎక్కడం మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ కష్టమే. క్రూగర్‌లో సొంతంగా నడుపుకోవచ్చు. తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. అక్కడ నడిపేది ఎడమవైపు. హైదరాబాద్‌లో బండి నేర్చుకున్న మా ఆయనకు అరగంటలో పాత అలవాటు తిరిగొచ్చింది. కారు దిగడానికి మాత్రం ఎక్కడా వీల్లేదు, అనుమతించిన చోట్ల తప్ప. మరుగుదొడ్లు క్యాంపుల్లో, పిక్నిక్ స్థలాల్లోనే ఉంటాయి, మధ్యలో రెండు మూడు గంటలు పట్టొచ్చు. నెలసరి రోజులు ప్రయాణంలో పడేలా ఉంటే ఆ దూరాలు మ్యాపులో చూసుకుని బయల్దేరడం మేలు. ప్యాడ్లు ఇంటి నుంచే సరిపడా తీసుకెళ్లండి.

జూలైలో తెల్లవారుజామున పది డిగ్రీల లోపు చలి, మధ్యాహ్నం 25 పైన ఎండ. మన పలచటి జాకెట్లు, టోపీలే చాలు. సైన్యం చారల బట్టలు పిల్లలకు కూడా వద్దు, ముఖ్యంగా అటునుంచి జింబాబ్వే, జాంబియా వెళ్లేవాళ్లు. అక్కడ మామూలు జనం అవి వేసుకోవడం నేరం. విక్టోరియా జలపాతమో, ఒకవాంగో డెల్టానో చిన్న విమానంలో వెళ్తే చక్రాల పెట్టెలు ఎక్కించరు. మెత్తటి సంచి, అన్నీ కలిపి 20 కిలోల లోపే.

రైస్ కుక్కర్ తీసుకెళ్లొద్దు. అక్కడి కరెంటు 230 వోల్టులు, ఇక్కడి 120 వోల్టుల కుక్కరు పెట్టగానే మాడిపోతుంది. ఫోను ఛార్జర్లకు భయం లేదు. ప్లగ్గు చూస్తే మీకు నవ్వొస్తుంది. మన ఇళ్లల్లో గీజరుకు పెట్టే మూడు లావు పిన్నుల 15 ఆంప్స్ ప్లగ్గే అది. మా అమ్మానాన్నల ఇంటి పాత అడాప్టరు ఒకటి చక్కగా పనికొచ్చింది.

తిండికి ఇబ్బంది లేదు. పార్కు గదులకు చాలావాటికి వంట చేసుకునే వీలుంటుంది. పచ్చి కరివేపాకు, విత్తనాలు, నెయ్యి, తేనె మాత్రం సరిహద్దులో పట్టుకుంటారు, మోసుకెళ్లకండి. జొహానెస్‌బర్గ్‌లో ఫోర్డ్స్‌బర్గ్ అనే పేటలో పప్పులు, మసాలాలు అన్నీ దొరుకుతాయి. అక్కడివాళ్లు తినే పాప్ అంటే మొక్కజొన్న పిండి సంకటే. దాని మీదికి చకలక అనే కారం కూర. అత్తయ్యగారు రెండు పూటలు అదే అడిగారు. 1860లో మద్రాసు నుంచి డర్బన్‌కు చెరకు తోటల కూలీలతో వెళ్లిన మొదటి ఓడ నాటి నుంచీ ఆ దేశంలో తెలుగువాళ్లున్నారు. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. సమయం ఉంటే డర్బన్ కూడా చూడాలని మాకుండేది, కుదరలేదు.

కెమెరా మీద పెట్టే డబ్బు బైనాక్యులర్స్ మీద పెట్టండి. 8x42 రకం, మనిషికొకటి. ఒక్కటే ఉంటే పిల్లల గొడవకి సింహం లేచి వెళ్లిపోతుంది. జూలైలో గేట్లు ఉదయం 6కి తెరుస్తారు, సాయంత్రం 5:30 కల్లా లోపలికి చేరాలి. లోయర్ సాబీ దగ్గర ఒక పొద్దున నీళ్ల పక్కన కారు ఆపి ముప్పావు గంట ఏం మాట్లాడకుండా కూర్చున్నాం. మొదట ఇంపాలాలు, తర్వాత ఏనుగుల మంద, చివర తల్లి కాళ్ల మధ్య తడబడుతూ ఒక గున్న. మావాడు ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. ఇంట్లో వాణ్ని ముప్పావు గంట కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు ఇంతవరకు.

వచ్చాక మాత్రల డబ్బాను బాత్రూమ్ అద్దం దగ్గరే పెట్టాను, ఏడో రోజు అయ్యేదాకా. తిరిగొచ్చిన తర్వాత మూడు నెలల్లో ఎవరికి జ్వరం వచ్చినా, మాత్రలు సరిగ్గా వేసుకున్నా సరే, ఫ్లూ అనుకుని టైలెనాల్ వేసి చూడకండి. ఒక్కోసారి ఏడాది వరకూ కూడా రావచ్చు. అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లి, మిగతావేవీ చెప్పకముందే, ఫలానా తేదీల్లో ఆఫ్రికాలో ఉన్నామని, మలేరియా రక్తపరీక్ష చేయమని అడగండి. ఇక్కడి డాక్టర్లలో చాలామంది మలేరియా రోగిని ఎప్పుడో గాని చూసి ఉండరు. మనం చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు.