కనబడనిది లేనిది కాదు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతకు కొన్ని వారాల ముందు నా కంప్యూటరును విండోస్ 11కు మార్చబూనాను. 2019లో నేను అధ్యాపక వృత్తిలో చేరినప్పుడు, నాన్నగారు తమ పదవీ విరమణ సొమ్ముతో కొనిచ్చిన యంత్రమది. అర్హతను పరీక్షించే ప్రోగ్రాము మాత్రం ఆ కంప్యూటరుకు అర్హత లేదని తేల్చివేసింది. పాత సామాను కింద ఇచ్చివేయమన్నాడు దుకాణదారుడు. నాన్నగారికి ఆ మాట ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

ఆ రాత్రి కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించాను. ప్రాసెసరు ఆమోదిత జాబితాలో ఉన్నది. మెమరీ కనీసం 4 జీబీ కావాలి. నాకు 8 ఉన్నది. లోపమల్లా టీపీఎం 2.0 కనబడకపోవడమే. రహస్య సంకేతాలను భద్రపరచే ఏర్పాటది. నిజానికి నా యంత్రంలో అది ప్రాసెసరులోనే ఇమిడి ఉన్నది; కొన్ననాటి నుండి ఎవరూ దానిని మేల్కొల్పలేదు. ముఖ్యమైన ఫైళ్లను వేరొక చోట భద్రపరచి, కంప్యూటరును తిరిగి ప్రారంభించి, బయాస్ అమరికలలో ‘పీటీటీ’ అనే పేరుతో ఉన్న ఆ సౌకర్యాన్ని ఆన్ చేశాను. మళ్లీ పరీక్షించగా పచ్చని గుర్తు ప్రత్యక్షమైంది. నా మనసు కుదుటపడింది.

ఆ ప్రోగ్రాము కనబడనిదానిని లేనిదిగా ఎంచింది. తరగతిలో నేనెందరి విషయంలో అటువంటి తీర్పే ఇచ్చానో! నాటి నుండి, మౌనంగా నిలబడిన విద్యార్థికి ఏమీ రాదని నిశ్చయించే ముందు మరొక ప్రశ్న అడుగుతున్నాను.